హెట్ లో తోటతో ఒక సంవత్సరం: సభ్యులకు వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఉగాది మొదలు 2025 ఉగాది దాకా, అంటే క్రోధి నామ సంవత్సరమంతా నెదర్లాండ్స్‌లోని మన తెలుగు సంఘం చేసిన పనుల నివేదిక ఇది. పండుగలన్నీ ఎప్పటిలాగే జరిగాయి. తెలుగు బడి తరగతులు సెలవుల్లో తప్ప ఆగలేదు. వీటి వివరాలు ఎప్పటికప్పుడు ఉత్తరాల్లో మీకు అందాయి కాబట్టి మళ్లీ రాయడం లేదు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపుతున్నారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఈ ఏడాది కొత్తగా తలపెట్టిన ఒక్క పనికే ఇస్తున్నాను. సంఘం పనుల్లో నాకు ఇంత తృప్తినిచ్చినది ఇంతవరకు మరొకటి లేదు.

గత సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు అడిగిన మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది. "మన పిల్లలకు గోల్కొండ గురించి, హంపి గురించి తెలుగులో చెబుతున్నాం. వాళ్లు పుట్టి పెరుగుతున్న ఈ నేల గురించి తెలుగులో ఎవరు చెబుతారు?" ఆ మాటకు కార్యవర్గం వెతుక్కున్న సమాధానమే ఈ కార్యక్రమం. నెదర్లాండ్స్‌లోని ఒక చారిత్రక స్థలాన్ని తీసుకుని, ఏడాది పొడవునా దాని గురించి చదవడం, వెళ్లి చూడడం, తెలుగులో మాట్లాడుకోవడం. అపెల్డోర్న్ పట్టణం అంచున ఉన్న హెట్ లో ప్రాసాదపు తోటను ఎంచుకున్నాం. బరోక్ కాలం నాటి ఆ తోటను తిరిగి నిర్మించి జనానికి తెరిచింది 1984లో. ఆ సంఘటనకు 2024లో 40 ఏళ్లు నిండాయి. ఎంపికకు అదొక కారణం. రెండో కారణం బందరు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తోట పుట్టుక

వేలువే అడవి మొదలయ్యే చోట ఉంది హెట్ లో. అడవి మధ్య చెట్లు లేని జాగాను పాత డచ్ భాషలో "లో" అంటారు. ఆరెంజ్ వంశీయుడు మూడో విలియంకు వేట అంటే ప్రాణం. ఇక్కడున్న పాత కోటను, దాని భూములను 1684లో కొని, పక్కనే కొత్త విడిది కట్టించడం మొదలుపెట్టాడు. వేట ఒక్కటే అయితే ఇంత తోట అవసరం లేదు. 1672లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యాలు డచ్ దేశం మీదికి వచ్చిపడినప్పుడు, 21 ఏళ్ల వయసులో పగ్గాలు చేపట్టినవాడు విలియం. అప్పటి నుంచి చనిపోయే వరకు లూయీయే అతని ప్రధాన శత్రువు. లూయీకి వెర్సాయ్ ప్రాసాదం, దాని పెద్ద తోట ఉన్నాయి. విలియం దానికి జవాబు ఇక్కడ చెప్పుకున్నాడు.

తోటకు రూపం ఇచ్చిన డానియెల్ మారో ఫ్రెంచివాడు, పారిస్ మనిషి. ప్రొటెస్టెంట్లకు మత స్వేచ్ఛ ఇచ్చిన పాత శాసనాన్ని లూయీ 1685లో రద్దు చేశాడు. దేశం విడిచిన వేలాది మందిలో మారో ఒకడు. అలా ఫ్రాన్స్ పోగొట్టుకున్న కళాకారుడు ఫ్రాన్స్ రాజు శత్రువు ఇంట తోట గీశాడు. శీతాకాలపు సమావేశాల్లో ఈ సంగతి విన్న పిల్లలు మారో గురించే ఎక్కువ ప్రశ్నలు వేశారు. ఒక దేశంలో నేర్చుకున్న విద్యను మరో దేశానికి తెచ్చుకుని బతికినవాడి కథ వాళ్ల ఇళ్లలో కూడా ఉంది కదా.

1689లో విలియం, అతని భార్య మేరీ ఇంగ్లండ్ సింహాసనం ఎక్కారు. వేట విడిది ఒక్కసారిగా రాజప్రాసాదం కావలసి వచ్చింది. భవనాన్ని రెండు పక్కలా పెంచారు. అంతవరకు భవనానికి ఆనుకుని ఉన్న వంపు స్తంభాల వరుసలను విప్పి, తోట చివరికి తీసుకెళ్లి నిలబెట్టారు. ప్రాసాదం వెనుక ఉన్నది కింది తోట. చుట్టూ మూడు వైపులా ఎత్తు గట్లు, మధ్యలో పల్లం. గట్టు మీద నడుస్తూ కిందికి చూస్తే ఎనిమిది పెద్ద చదరాలు, వాటి నడుమ వీనస్ ఫౌంటెన్, రెండు పక్కలా రెండు గోళాలు. ఒకటి భూగోళం, ఒకటి నక్షత్రాల ఖగోళం. రెండింటి నుంచీ నీళ్లు చిమ్ముతాయి. అవతల పై తోట, అందులో 13 మీటర్ల ఎత్తుకు లేచే రాజు ఫౌంటెన్. మేరీ తోట ఒక పక్కన వేరుగా ఉంటుంది. చెక్క చట్రాల మీదికి హార్న్‌బీమ్ అనే చెట్టు కొమ్మలను వంచి అల్లించిన పందిరి బాటలు అక్కడి అందం. బీర తీగకూ చిక్కుడు తీగకూ పందిరి వేసిన చేతులకు ఆ చట్రం చూడగానే అర్థమవుతుంది. ఎండ పడని ఆకుపచ్చ గదులు అవి.

మేరీ ఆ నీడలో ఎక్కువ కాలం నడవలేదు. 1694 డిసెంబరులో మశూచి సోకి 32 ఏళ్లకే లండన్‌లో చనిపోయింది. రాణి అయ్యాక ఆమె మళ్లీ ఈ దేశానికి రాలేదు. అందుకే ఆ పందిళ్ల కింద నడిచినప్పుడు నాకు విలియం కంటే ఆమే ఎక్కువ గుర్తొచ్చింది.

ఇసుక చేసిన మేలు

విలియం 1702లో పోయాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు తోట ఒడిదుడుకులతో నిలిచింది. 1795లో ఫ్రెంచి విప్లవ సైన్యాలు రావడంతో అప్పటి డచ్ పాలకుడు ఐదో విలియం ఇంగ్లండ్ పారిపోయాడు. ప్రాసాదం లూటీ అయింది. ఆపైన నెపోలియన్ తమ్ముడు లూయీ బోనపార్ట్ 1806లో హాలండ్ రాజయ్యాడు. ఇటుక గోడలకు తెల్లటి గచ్చు పూయించి, ఈ తోటను తన కాలపు అభిరుచికి తగ్గట్టు మార్పించాడు. అప్పటికి గీతలు గీసినట్టుండే తోటలు పాతబడిపోయాయి. వంకర దారులు, పచ్చిక, అక్కడక్కడా చెట్ల గుంపులు ఉన్న ఇంగ్లిష్ తరహా తోటలు అందరికీ కావాలి. కింది తోట పల్లాన్ని రాళ్లూ రప్పలూ ఇసుకా పోసి పూడ్చేశారు. ఫౌంటెన్ తొట్లు, గట్ల గోడల అడుగు భాగాలు అన్నీ ఇసుక కిందికి పోయాయి.

నేను ఈ ఘట్టాన్ని మొదట చదివినప్పుడు బాధపడ్డాను. తర్వాత అర్థమైంది, తోట బతికింది ఆ ఇసుక వల్లనే. తవ్వి తీసి రాళ్లు అమ్ముకుని ఉంటే ఏమీ మిగిలేది కాదు. అంత పల్లాన్ని ఖాళీ చేయడం కన్నా నింపడం చౌక. పునాదులు ఎక్కడివక్కడ, పడుకోబెట్టినట్టు, సుమారు 170 ఏళ్లు ఉండిపోయాయి.

పై నుంచి చూస్తే మాత్రం అదొక చక్కని ఉద్యానవనం. రాజకుటుంబం దాన్ని అలాగే అనుభవించింది. విల్హెల్మినా రాణి 1948లో సింహాసనం విడిచాక ఇక్కడే ఉండి, 1962లో ఇక్కడే కన్నుమూశారు. ప్రాసాదం మ్యూజియం కావాలని నిర్ణయమయ్యాక, అసలు ప్రశ్న ముందుకొచ్చింది. ఏ కాలపు హెట్ లోను కాపాడాలి? 1690లలో విలియం, మేరీలు చూసిన దాన్నా? జనం కళ్ల ముందు నిలబడి ఉన్న దాన్నా?

17వ శతాబ్దాన్నే ఎంచుకున్నారు. 1977 నుంచి 1984 వరకు పని జరిగింది. గోడల మీద గచ్చు గీకి ఇటుకను బయటపెట్టారు. 20వ శతాబ్దం మొదట్లో కట్టిన అదనపు అంతస్తును కూల్చేశారు. కింది తోట మీద ఇసుకను తోడేశారు. పురావస్తు శాఖవారు తొట్ల పునాదులు, మెట్ల ఆనవాళ్లు ఒక్కొక్కటే కొలిచారు. కొలతలు నేల చెప్పింది. రూపం కాగితం చెప్పింది. ఆ కాలపు డచ్ చిత్రకారుడు రోమెయిన్ డి హోఖె చెక్కిన తోట చిత్రాలు ఉన్నాయి. మారో సొంత నమూనాలు ఉన్నాయి. వీటన్నిటికీ మించి, విలియం ఆస్థాన వైద్యుడు వాల్టర్ హారిస్ తోటంతా తిరిగి రాసిన వర్ణన ఉంది. అది 1699లో అచ్చయింది. ఏ ఫౌంటెన్ ఎక్కడ, ఏ బొమ్మకు బంగారు పూత, ఏ బాట ఎటు పోతుంది అని ఆయన పూసగుచ్చినట్టు రాశాడు. నాడి చూసే అలవాటున్న మనిషి కదా, కంటికి కనబడిన చిన్న గుర్తు కూడా వదలలేదు. ఆయన తీరికగా రాసుకున్న పుస్తకం, దాదాపు 280 ఏళ్ల తర్వాత తాపీ మేస్త్రీల చేతికి ఉపయోగపడింది.

ఈ నిర్ణయం మీద ఆనాడు వాదాలు జరిగాయి. మన సమావేశంలో కూడా జరిగాయి. పెరిగిన చెట్టును కొట్టడానికి మనసు ఒప్పదు, ఎన్ని చిత్రాలు చూపించినా సరే. 19వ శతాబ్దం మాత్రం చరిత్ర కాదా అని ఒక యువ సభ్యుడు గట్టిగా అడిగాడు. సరైన ప్రశ్నే. నా అభిప్రాయం చెబుతాను, కార్యవర్గం అభిప్రాయంగా దీన్ని తీసుకోవద్దు. కింది తోటలో వాళ్లు చేసింది సబబు. అక్కడ పునాదులున్నాయి, చిత్రాలున్నాయి, వర్ణన ఉంది, ఊహించి నింపవలసింది తక్కువ. పై తోటలో వాళ్లు ఆగిన తీరు ఇంకా సబబు. అక్కడ రాజు ఫౌంటెన్‌నూ స్తంభాల వరుసలనూ మళ్లీ నిలబెట్టారు. ముదిరిన పెద్ద చెట్లను మాత్రం చాలావరకు ఉంచేశారు. అందుకే పై తోటలో పాత పటంలోని గీతలన్నీ కనబడవు. రెండు శతాబ్దాలు అక్కడ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. గీతలు కలవకపోయినా నాకు ఆ తోటలో అన్నిటికన్నా నచ్చిన చోటు అదే.

ఏప్రిల్ యాత్ర

మొదటి యాత్ర ఏప్రిల్ చివరి వారంలో జరిగింది. చలి ఇంకా పోలేదు. వెళ్లినవారిలో ఒక సభ్యుని తల్లిగారు ఉన్నారు, గుడివాడ నుంచి మనవరాలిని చూడడానికి వచ్చారు. ప్రాసాదం పై అంతస్తు కిటికీ దగ్గర ఆమె చాలాసేపు నిలబడ్డారు. కిందికి దిగి వచ్చాక ఆమె అన్న మాట ఆ రోజంతా మా మధ్య తిరిగింది. "ఇది తోట కాదు నాయనా, తీగల ముగ్గు. కింద నిలబడితే తెలియదు, మేడ మీద నుంచే తెలుస్తుంది."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఫ్రెంచిలో దీనిని పార్టెర్ అంటారు. వీనస్ ఫౌంటెన్ చుట్టూ ఉన్న నాలుగు చదరాల్లో పొట్టిగా కత్తిరించిన పొదలతో తీగలు, మెలికలు, ఆకులు గీశారు. గీతకూ గీతకూ మధ్య మన్నూ గులకా నింపారు. చుక్కలు పెట్టి కలిపే ముగ్గు కాదు, చేయి తిరిగినవాళ్లు చుక్కల్లేకుండా లాగే తీగ ముగ్గు. రాజూ రాణీ ఉండేది పై అంతస్తులో. ముగ్గు వేసింది వాళ్ల కిటికీ కోసం. ఆనాటి జరీ అల్లికల నమూనాలే నేల మీదికి దిగాయని పుస్తకాల్లో చదివి వెళ్లాం. కానీ ఆ పోలిక మాకు అంటలేదు. ముగ్గు అనగానే పిల్లలకు కూడా అంతా విప్పినట్టయింది.

కొందరు సభ్యులకు పూల వరుసలు చూసి కాస్త నిరాశ కలిగింది. కొయ్‌కెన్‌హోఫ్ పూల తోటలో ట్యులిప్పులు తివాచీ పరిచినట్టుంటాయి, ఇక్కడ మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ నేల కనబడుతుంది. పని సగంలో ఆపేశారా అని ఒకరు అడిగారు. ఆ ఖాళీ కావాలని ఉంచినది. 17వ శతాబ్దంలో ఒక్కో పువ్వూ ఒక్కో వింత. టర్కీ నుంచి వచ్చిన ట్యులిప్, మెక్సికో నుంచి వచ్చిన బంతి. వింత వస్తువును ప్రదర్శనలో విడిగా నిలబెట్టినట్టు, మొక్కను విడిగా నాటి చుట్టూ తిరిగి చూసేవారు. పునరుద్ధరణలో కూడా 1700 నాటికి ఈ దేశంలో తెలిసిన మొక్కలనే వాడాలని నియమం పెట్టుకున్నారు. ఇది తెలిశాక మళ్లీ వెనక్కి వెళ్లి, ఒక్కొక్క మొక్క దగ్గర ఆగి చూశాం. చూపు మారింది.

ఆ కాలపు తోటమాలులు ఇష్టంగా పెంచిన వాటిలో కోడిజుత్తు పువ్వు ఒకటి. మనం సీతమ్మవారి జడగంటలు అనే మొక్కకు, బతుకమ్మలో పేర్చే గునుగుకు అది దగ్గరి చుట్టం. ఈ సంగతి విన్న మా ఆడపడుచులు సెప్టెంబరు యాత్రను బతుకమ్మకు ముందే పెట్టాలని పట్టుబట్టారు, పెట్టించారు కూడా.

ఆకు తెగులు

పునరుద్ధరణ 1984లో పూర్తయిందని చెబుతారు. తోట విషయంలో ఆ మాట చెల్లదు. పార్టెర్ గీతలన్నీ మొదట బాక్స్ మొక్కతో వేసినవి. చిన్న ఆకు, ఎంత కత్తిరించినా ఓర్చుకునే గుణం, నిదానమైన పెరుగుదల. ముగ్గు గీతకు అంతకంటే తగిన మొక్క లేదు. 1990లలో ఇంగ్లండ్‌లో బయటపడిన ఒక బూజు తెగులు తర్వాత ఈ దేశానికీ వచ్చింది. ముందు ఆకు మీద గోధుమ రంగు మచ్చ, లేత కొమ్మ మీద నల్లటి చారలు, కొద్ది రోజుల్లో ఆకులన్నీ రాలిపోయి పుల్లలు మిగులుతాయి. తడి, వెచ్చదనం, గాలి ఆడని ఒత్తైన పొద ఉంటే చాలు, ఆ బూజు చెలరేగిపోతుంది. ఎంత అందంగా, ఎంత దగ్గరగా కత్తిరిస్తే దానికి అంత అనుకూలం. తోటమాలి నైపుణ్యమే తెగులుకు దారి అవుతుందంటే ఎంత కష్టంగా ఉంటుందో ఊహించండి. దానికి తోడు ఆకు తినే ఒక పురుగు కూడా తూర్పు ఆసియా నుంచి చేరింది.

హెట్ లోలో చివరికి బాక్స్‌ను పీకేసి, జపాన్ హోలీ అనే మొక్కను నాటారు. 1700లో యూరప్‌లో ఆ మొక్కను ఎవరూ ఎరగరు. కాలానికి కట్టుబడాలన్న నియమాన్ని, గీత నిలబడాలన్న అవసరం కోసం ఒక చోట సడలించారు. నేను దీన్ని తప్పుపట్టను. ముగ్గు చెరిగిపోయాక బియ్యప్పిండి అసలైనదని గర్వపడి లాభమేముంది?

దూరం నుంచి తేడా తెలియదు. తెలుగు బడిలో ఏడో తరగతి వయసున్న ఒక అమ్మాయి దగ్గరికి వెళ్లి కూర్చుంది. మా పెరట్లోని బాక్స్ రెమ్మ ఒకటి, ఆరోగ్యంగా ఉన్నది చూసి, పుస్తకంలో నొక్కి ఆమెకు ఇచ్చి ఉంచాను. బాక్స్ రెమ్మ మీద ఆకులు జంటలు జంటలుగా ఎదురెదురుగా ఉన్నాయి. తోటలోని రెమ్మ మీద ఒకటి ఇటు, తర్వాతది అటు. అంచు తడిమితే చిన్న చిన్న నొక్కులు తగులుతున్నాయి. బాక్స్ అంచు నున్నన. మన ఊళ్లలో బడిపిల్లలు అభిముఖ విన్యాసం, ఏకాంతర విన్యాసం అని బట్టీ పట్టే పాఠాన్ని ఆ పిల్ల మోకాళ్ల మీద కూర్చుని వేలి కొసతో చదివింది. ఆ మాటలు తెలుగులో ఉన్నాయని చెబితే నోటు పుస్తకంలో రాసుకుంది.

నీళ్లు

సెప్టెంబరు యాత్రకు కుదుర్చుకున్న బస్సు గంటకు పైగా ఆలస్యంగా వచ్చింది. ఉదయం వేళ పెట్టుకున్న నడక కుదించుకోవలసి వచ్చింది, ముఖ్యంగా వయసు పైబడినవారు ఇబ్బంది పడ్డారు. అందుకు కార్యవర్గం క్షమాపణ కోరుతోంది. ఇకపై రైలులోనే వెళ్లి, స్టేషన్ నుంచి స్థానిక బస్సు ఎక్కాలని నిర్ణయించాం.

ఆ రోజు మిగిలిన సమయం నీళ్లకే ఇచ్చాం. వెర్సాయ్‌లో నీళ్లు లేవు. సేన్ నది నుంచి తోడడానికి 14 చక్రాల మహాయంత్రం కట్టించారు. అయినా అన్ని ఫౌంటెన్లూ ఒకేసారి నడవవు. రాజు దగ్గరికి వస్తుంటే ఈలలు వేసి ముందున్నది తిప్పేవారు, దాటాక కట్టేసేవారు. ఇక్కడ విలియం కాలంలో యంత్రం అక్కరలేకపోయింది. వేలువే ఎత్తు నేల, పల్లపు నేల మధ్య తేడాయే యంత్రం. కొన్ని కిలోమీటర్ల దూరంలో, ఎత్తున ఉన్న ఊటల నుంచి గొట్టాల్లో నీళ్లు దిగి వచ్చేవి. దిగిన ఎత్తు బలమే పైకి చిమ్మేది. పగలూ రాత్రీ పారే తేట నీళ్లని హారిస్ గర్వంగా రాసుకున్నాడు. విలియం లూయీని నిజంగా గెలిచినది ఈ విషయంలోనే అని నా నమ్మకం.

వేలువే ఊటల్లో చాలావాటిని మనుషులే తవ్వారు. గుట్ట వాలులో నేలలోని నీరు తగిలే దాకా తవ్వి, ఆ నీటిని కాలువగా మలుపుతారు. డచ్ వాళ్లు దాన్ని స్ప్రెంగ్ అంటారు. అపెల్డోర్న్ చుట్టుపక్కల కాగితపు మిల్లుల చక్రాలు తిరిగినది కూడా ఇలాంటి నీటితోనే. కడప జిల్లా నుంచి వచ్చిన ఒక సభ్యుడు వినగానే, "మా వైపు ఊటకాలువ అంటే ఇదే" అన్నారు. ఏటి ఇసుకలో తవ్వి, ఊరిన నీటిని పొలానికి మళ్లించే కాలువల గురించి ఆయన అరగంట చెప్పారు. గుట్టకూ ఏటికీ తేడా ఉంది కానీ పని ఒకటే. రాజు ఫౌంటెన్ పక్కన నిలబడి రాయలసీమ కాలువల గురించి విన్న ఆ అరగంట, ఈ కార్యక్రమం ఎందుకు పెట్టుకున్నామో నాకు తేటతెల్లం చేసింది.

బందరు బట్ట

ఇప్పుడు రెండో కారణం. డచ్ ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. 1613లో పులికాట్‌లో కట్టిన కోటకు గెల్డ్రియా అని పేరు. అక్కడి అధికారి సొంత రాష్ట్రం గెల్డర్లాండ్ పేరును పెట్టుకున్నాడు. అపెల్డోర్న్ ఉన్నది, హెట్ లో ఉన్నది ఆ గెల్డర్లాండ్‌లోనే. ఇక్కడి రాష్ట్రం పేరు పులికాట్ సరస్సు ఒడ్డున 400 ఏళ్ల కిందటే ఉందని తెలిసినప్పుడు సమావేశంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇక మేరీ. ఆమెకు చైనా పింగాణీ పిచ్చి అని అందరూ రాస్తారు. ఇంగ్లండ్‌లో సన్నని భారతీయ అద్దకపు బట్టల మీద మోజును తెచ్చింది కూడా ఆమేనని ఆ తరం ఆంగ్ల రచయిత ఒకరు రాశారు. ఆ బట్టల పేరు చెబుతూ మచిలీపట్నాన్ని పేరుపెట్టి మరీ ప్రస్తావించారు. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, కలంతో దిద్దిన తీగలు. ఆ మోజు ఎంత ముదిరిందంటే, తమ నేతగాళ్లు నష్టపోతున్నారని విలియం ఏలుబడిలోనే, 1700లో, ఇంగ్లండ్ పార్లమెంటు అద్దకపు బట్టల మీద నిషేధ చట్టం చేసింది. హెట్ లోలోని మేరీ గదుల్లో ఫలానా బట్ట ఫలానా పల్లెలో అద్దినదని నేను చెప్పబోను. ఆమె తన పందిరి బాట నాటించిన కాలంలోనే కృష్ణా తీరంలో మన అద్దకంవాళ్లు ఆమెలాంటివారి కోసం తీగలు గీస్తున్నారన్నది మాత్రం ఖాయం.

శీతాకాలపు సమావేశాలు, మాటల పట్టిక

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నెలకొకసారి కలుసుకున్నాం. ఒక సమావేశం లండన్ దగ్గరి హాంప్టన్ కోర్ట్ గురించి జరిగింది. అదీ విలియం, మేరీల ఇల్లే. అక్కడి రాజు సొంత తోటలో చెట్లు అడ్డదిడ్డంగా పెరిగి నది కనబడకుండా పోతే, తవ్వకాలు జరిపి, పాత పడకల ఆనవాళ్లు పట్టుకుని, 1995లో 1702 నాటి రూపంలో మళ్లీ తెరిచారు. మరో సమావేశంలో హెట్ లో ముందు వాకిలి కింద కొత్తగా కట్టిన నేలమాళిగ గురించి మాట్లాడుకున్నాం. ప్రాసాదం 2018లో మూతబడి, ఆస్బెస్టాస్ తొలగించి, 2022లో తెరుచుకుంది. పచ్చిక ఉన్న చోట ఇప్పుడు అద్దాల పైకప్పు మీద పలచటి నీటి పొర ఉంటుంది. దాని కింద 5,000 చదరపు మీటర్ల మ్యూజియం, 2023లో మొదలైంది. పాత తోటను కదిలించకుండా కిందికి దిగారు. మంచి పని.

తెలుగు బడి పిల్లలు తయారు చేస్తున్న మాటల పట్టిక ఇంకా పూర్తి కాలేదు. పార్టెర్‌కు "నేలముగ్గు" అన్నది అందరూ ఒప్పుకున్నారు. అల్లిన బాటకు "పందిరి బాట". స్ప్రెంగ్‌కు "ఊటకాలువ" అని రాశారు కానీ, కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలు ఇంకా ఆలోచిస్తున్నాయి. కత్తిరించి గోడలా పెంచిన పొదల వరుసకు తెలుగు మాట దొరకలేదు. కంచె అంటే ముళ్లు గుర్తొస్తాయి, దడి అంటే ఎండుకొమ్మలు గుర్తొస్తాయి. మీకు తోచిన మాట ఉంటే, మీ ఇంట్లో పెద్దలు వాడే మాట ఉంటే, దయచేసి బడి ఉపాధ్యాయులకు తెలియజేయండి. ఎవరి ఊరి మాటో కూడా పక్కన రాస్తారు.

వచ్చే ఏడాది ఏ స్థలం తీసుకోవాలో సర్వసభ్య సమావేశంలో నిర్ణయిద్దాం. ఏది తీసుకున్నా హెట్ లోకు మరొకసారి వెళ్లాలని పిల్లలు ముందే చెప్పి ఉంచారు. వేసవిలో పొదలు కత్తిరించే రోజుల్లో వెళితే తోటమాలుల పని చూడవచ్చు. దాని కోసం పేర్లు నమోదు చేసుకుంటున్నాం. యాత్రలకు తోడు వచ్చిన స్వచ్ఛంద సేవకులకు, హాలు శుభ్రం చేసి తాళాలు అప్పగించి అందరికన్నా చివర ఇంటికి వెళ్లినవారికి, శీతాకాలంలో చదివి వచ్చి మాట్లాడిన ప్రతి ఒక్కరికి కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

గుడివాడ అమ్మగారు జూన్‌లో తిరిగి వెళ్లారు. వెళ్లేముందు, కిటికీ నుంచి చూసిన ఒక చదరాన్ని గళ్ల కాగితం మీద గీసి మనవరాలి చేతికి ఇచ్చారు. సంక్రాంతి నాడు హాలు నేల మీద బియ్యప్పిండితో దాన్ని వేయబోయాం. మధ్యాహ్నం భోజనాల వేళకు నాలుగో వంతు మాత్రమే అయింది, అటుపైన బల్లలు వేయవలసి వచ్చింది. ఆమెకు ఫోనులో చూపిస్తే, మూలన తీగ ఒకటి వెనక్కి తిరగాలి, ముందుకు తిరిగింది అన్నారు. దిద్దాం. మిగిలిన మూడు వంతులకు వచ్చే సంక్రాంతికి పెద్ద హాలు మాట్లాడుతున్నాం.

కార్యదర్శి